డాక్టరు కాకుండానే వైద్య కళాశాలలో ప్రొఫెసరు: ప్రోటీన్ల ఆకారం చదివే శాస్త్రం

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే కావలిలో, కందుకూరులో, ఒంగోలులో, దర్శిలో ఏ ఇంట్లో చూసినా ఒకటే చర్చ: ఎంపీసీయా, బైపీసీయా? పదిహేనేళ్ల పిల్లల చేత ఆ రోజే లెక్కలో, జీవశాస్త్రమో, ఏదో ఒకటి వదిలిపెట్టిస్తున్నాం. ఆ రెండూ సమానంగా కావలసిన శాస్త్రం ఒకటుంది. కంప్యూటేషనల్ స్ట్రక్చరల్ బయాలజీ. మన ఒంట్లోని ప్రోటీన్లు ఏ ఆకారంలో ముడుచుకుంటాయి, ఎలా కదులుతాయి, మందు వాటిని ఎక్కడ పట్టుకుంటుంది అన్నది కంప్యూటర్‌తో లెక్కగట్టి తేల్చడం దాని పని. ఎంబీబీఎస్ చదవకపోయినా, ఈ శాస్త్రంతో వైద్య కళాశాలల్లో ప్రొఫెసర్లు అయినవాళ్లున్నారు.

ఇప్పుడు తెర మీద చూడండి. శాస్త్రవేత్తలు తేల్చిన ప్రోటీన్ ఆకారాలను దాచిపెట్టే ప్రోటీన్ డేటా బ్యాంకులో 4హెచ్‌హెచ్‌బీ అనే ఫైలు ఇది. మనిషి రక్తంలోని హీమోగ్లోబిన్. రంగురంగుల బొమ్మ తరవాత చూద్దాం, ముందు దీన్ని ఉత్త అక్షరాలుగా తెరుస్తున్నాను. ఒక్కో వరుసకు ఒక్కో పరమాణువు. అది ఏ మూలకం, ఏ అమైనో ఆమ్లంలోది (ప్రోటీన్ గొలుసులో ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం), ఆ పక్కన ఎక్స్, వై, జెడ్ నిరూపకాలు. ఇంటర్‌లో త్రిపరిమాణ జ్యామితి చదివినవాళ్లకు ఇవి పాత చుట్టాలే.

హీమోగ్లోబిన్‌లోని గొలుసుల్లో ఒకటైన బీటా గొలుసులో ఆరో స్థానానికి వెళ్దాం. ఇక్కడున్నది గ్లుటామిక్ ఆమ్లం అనే అమైనో ఆమ్లం. దీనికి రుణావేశం ఉంటుంది, నీటితో పొత్తు కుదురుతుంది. ఇదే చోట వాలీన్ అనే మరో అమైనో ఆమ్లం వస్తే అది నీటికి దూరంగా ఉండాలని చూస్తుంది. ఆక్సిజన్ వదిలేసిన పక్క హీమోగ్లోబిన్ మీద, 85వ ఫినైల్ అలనీన్‌కూ 88వ ల్యూసీన్‌కూ మధ్య ఒక చిన్న గుంట ఉంది. వాలీన్ వెళ్లి అందులో ఇమిడిపోతుంది. అలా ఒకదానికొకటి అతుక్కుంటూ పొడవాటి పోగులు కడతాయి, ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. సికిల్ సెల్ వ్యాధి అంటే ఇదే. 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఒక్కటి మారినందుకు జీవితాంతం నొప్పులు. నొప్పితో వచ్చిన మనిషిని చూసేది వైద్యుడు, ఆ నొప్పికి మూలమైన గుంటను చూపించేది ఈ శాస్త్రం. ఇద్దరూ ఒకే ప్రాంగణంలో ఉండాలన్నది అందుకే.

ఇది ఎక్కడో దూరదేశాల విద్య అని అనుకోవద్దు. మనం పనిబడితే పొద్దున రైలెక్కి వెళ్లే మద్రాసులోనే, అక్కడి విశ్వవిద్యాలయంలోనే, 1963లో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఒక పటం గీశారు. ప్రోటీన్ గొలుసు ఫై, సై అనే రెండు కోణాల దగ్గర తిరుగుతుంది. పరమాణువులు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఏ కోణాలు కుదురుతాయో లెక్కగట్టి చూపిన పటం అది. కొత్తగా ఏ ప్రోటీన్ ఆకారం తేల్చినా నేటికీ రామచంద్రన్ పటంతో సరిచూస్తారు. ఆయన భౌతికశాస్త్రవేత్త. 2013లో రసాయనశాస్త్ర నోబెల్ పంచుకున్న మైఖేల్ లెవిట్ కూడా డిగ్రీలో భౌతికశాస్త్రమే చదివారు. ప్రొఫెసరుగా ఉన్నది స్టాన్‌ఫర్డ్ వైద్య కళాశాలలో.

ప్రోటీన్ల ఆకారాలను అంచనా వేసే కృత్రిమ మేధ ప్రోగ్రాం ఆల్ఫాఫోల్డ్ వచ్చేసింది కదా, ఇంకేం మిగిలింది అంటారు కొందరు. 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలను అంచనా వేసి అందరికీ ఉచితంగా పెట్టారు, దాన్ని తయారుచేసినవాళ్లు 2024లో నోబెల్ అందుకున్నారు. మహత్తరమైన పని, సందేహం లేదు. కాని అది కదలని ఫొటో. ప్రోటీన్ మాత్రం క్షణం ఊరుకోదు. ఆ కదలికను సాధారణంగా 2 ఫెమ్టోసెకన్ల చొప్పున లెక్కగడతారు (ఫెమ్టోసెకను అంటే సెకనులో పది కోట్ల కోట్లవ వంతు). ఒక్క మైక్రోసెకను, అంటే సెకనులో పది లక్షలవ వంతు, చూడాలంటే అలాంటి అడుగులు 50 కోట్లు వేయాలి. ఒక రోగి జన్యువులో కనిపించిన మార్పు హాని చేస్తుందా, మందును పట్టు తప్పిస్తుందా అన్నది చాలాసార్లు ఆ కదలికలోనే దాగి ఉంటుంది. నన్నడిగితే అసలు పని ఇప్పుడే మొదలైంది.

ఇక పెద్దలు అడిగే మాట: ఎన్నేళ్లు పడుతుంది, తిండి పెడుతుందా? డిగ్రీ, ఎమ్మెస్సీ, అయిదారేళ్ల పీహెచ్‌డీ, ఆపైన మరికొన్నేళ్లు పోస్ట్‌డాక్, అంటే మరొకరి ప్రయోగశాలలో పరిశోధన. సొంత ప్రయోగశాల చేతికి వచ్చేసరికి ముప్పై అయిదు దాటవచ్చు. నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు కాబట్టి, పొలం అమ్మి చదివించే చదువు మాత్రం కాదు. అమెరికా వైద్య కళాశాలల్లో ప్రొఫెసరు తన జీతంలో పెద్ద భాగాన్ని తానే పరిశోధన నిధులుగా తెచ్చుకోవాలి. గ్రాంటు ఆగితే తన దగ్గర పనిచేసే పిల్లలను పంపేయవలసి వస్తుంది. ఈ సంగతి దాచి పిల్లలను ఆ దారిన పంపడం అన్యాయం.

మన దేశంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో బయోఫిజిక్స్ విభాగం ఉంది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లో రామచంద్రన్ నెలకొల్పిన విభాగం ఉంది. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ, ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. నెల్లూరులోనూ ఒంగోలులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, రోగులకు కొదవ లేదు. నలుగురైదుగురు మనుషులు, ఒక మంచి కంప్యూటరు, అంతమాత్రంతో ఇక్కడా ఒక బృందం మొదలుపెట్టవచ్చు. అది జరగాలని మనసారా కోరుకుంటున్నాను.

నీట్ ర్యాంకు రాలేదని మరో ఏడాది లాంగ్ టర్మ్‌లో చేర్చే ముందు, మీ అమ్మాయికో అబ్బాయికో ఈ ఫైలు ఒకసారి తెరిచి చూపించండి. ఫైలు ఉచితం, బొమ్మగా చూపే కైమెరాఎక్స్ విద్యార్థులకు ఉచితం, కదలికను లెక్కగట్టే గ్రోమాక్స్ ఉచితం. బైపీసీ వాళ్లు కలన గణితం, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి. ఎంపీసీ వాళ్లు జీవరసాయనశాస్త్రం పట్టుకోవాలి. ఆరో స్థానంలో వాలీన్‌ను ఎలా పెట్టాలో వచ్చే వీడియోలో మీ ముందే చేసి చూపిస్తాను.