డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను మార్చేముందు ఎవరిని అడగాలి?

(ఇలినాయ్ రాష్ట్రం అరోరాలో, 2025 ఉగాది సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో కూర్చున్న అమ్మలకు, అక్కలకు, వెనక నిలబడి భోజనాల గది వైపు చూస్తున్న తమ్ముళ్లకు విశ్వావసు నామ సంవత్సర శుభాకాంక్షలు. శాస్త్రి గారు పంచాంగం చక్కగా చదివారు. కవి సమ్మేళనం కాస్త సాగింది, అయినా ఉగాదికి అది మామూలే. నన్ను ఆహ్వానించిన కార్యవర్గానికి కృతజ్ఞతలు. ఈ ప్రసంగం పూర్తయ్యాక వాళ్లకు నా మీద ఆ అభిమానం ఉంటుందో లేదో చూడాలి.

నాకిచ్చిన అంశం ‘నాయకత్వ లక్షణాలు’. సమయం పావుగంట. ఆ అంశం మీద మాట్లాడేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. నేను డిఫెన్సివ్ కోఆర్డినేటర్ గురించి మాట్లాడతాను. నవ్వకండి. షికాగో చుట్టుపక్కల ఇన్నేళ్లుగా ఉంటున్నాం, ఆదివారం మధ్యాహ్నం మన పిల్లలు టీవీ ముందు ఎందుకు అరుస్తారో పెద్దవాళ్లం కాస్త తెలుసుకోవాలి కదా.

ఆట తెలియని పెద్దమ్మల కోసం రెండు మాటలు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాయింట్లు చేయడానికి పదకొండు మంది దిగితే, వాళ్లను ఆపడానికి అవతలి జట్టు నుంచి పదకొండు మంది దిగుతారు. ఈ ఆపేవాళ్లందరికీ అధికారి డిఫెన్సివ్ కోఆర్డినేటర్. ప్రతి బంతికీ ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఉరకాలో, ఎవరు వెనక్కి తగ్గాలో అతనే నిర్ణయిస్తాడు. ఆ ఆదేశం రేడియోలో ఒకే ఒక్క ఆటగాడి చెవిలో పడుతుంది. అతని హెల్మెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటుంది. బంతిని కదిలించడానికి గడువు లెక్కపెట్టే గడియారంలో పదిహేను సెకన్లు మిగలగానే రేడియో ఆగిపోతుంది. ఆ తరువాత జరిగేదంతా మైదానంలో ఉన్నవాళ్ల బుద్ధి, కాళ్ల సత్తువ. డిఫెన్స్‌కు ఈ రేడియో సౌకర్యం 2008లోగాని రాలేదు. అంతకు ముందు గట్టు మీద నుంచి చేతులతో సైగలే.

ఇందాక శాస్త్రి గారు రాశుల వారీగా రాజపూజ్యం, అవమానం చదివారు. ఈ ఉద్యోగానికి ఒక రాశి ఉంటే రాజపూజ్యం ఒకటి, అవమానం ఏడు అని రాసిపెట్టవచ్చు. గెలిస్తే పేరు క్వార్టర్‌బ్యాక్‌కు, ఆ తరువాత హెడ్ కోచ్‌కు. ఓడితే మొదట వెళ్లేది ఇతనే.

ఇప్పుడు నాకిష్టమైన కథ. నా స్నేహితులు దీన్ని చాలాసార్లు విన్నారు, మరోసారి వింటారు.

1981 డిసెంబరు. మన షికాగో బెయర్స్ జట్టు ఓడిపోతోంది. హెడ్ కోచ్ నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను తీసేస్తారని అందరికీ అర్థమైంది. ఈయన చంద్రుడి మీదికి వెళ్లిన ఆయన కాదు, వేరే ఆయన. హెడ్ కోచ్ పోతే అతని సహాయకులందరూ మూట కట్టుకోవడం ఆనవాయితీ. డిఫెన్స్ చూసే బడ్డీ రయన్ కూడా పోవాల్సిందే. అప్పుడు డిఫెన్స్ ఆటగాళ్లు ఒక ఉత్తరం రాశారు. దాని వెనక ఉన్నవాళ్లు ముఖ్యంగా ఇద్దరు: అలన్ పేజ్, గ్యారీ ఫెన్సిక్. ఫెన్సిక్ యేల్‌లో చదువుకున్నవాడు. పేజ్ ఒక పక్క ఫుట్‌బాల్ ఆడుతూనే న్యాయశాస్త్రం చదివి, తరువాత మిన్నెసోటా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయినవాడు. అలాంటివాళ్లు రాస్తే ఉత్తరం ఎలా ఉంటుందో ఊహించుకోండి. మా బడ్డీని మాకు ఉంచండి అన్నది సారాంశం.

ఉత్తరం వెళ్లింది జార్జ్ హాలస్‌కు. జట్టు యజమాని, స్థాపకుడు. 1920లో ఈ జట్లన్నీ ఆడే లీగ్, ఎన్‌ఎఫ్‌ఎల్, పుట్టినప్పుడు ఆ గదిలో కూర్చున్న మనిషి. అప్పటికి ఆయనకు ఎనభై ఆరేళ్లు. ఆ వయసులో, ఆ హోదాలో, జీతం తీసుకునే ఆటగాళ్లు వచ్చి ఎవరిని ఉంచాలో ఎవరిని తీయాలో చెబితే మనలో ఎంతమంది ఒప్పుకుంటాం? ఆయన ఒప్పుకున్నాడు. బడ్డీ రయన్ ఉంటాడని ఆటగాళ్లకు మాట ఇచ్చాడు. తరువాత 1982 జనవరిలో మైక్ డిట్కాను హెడ్ కోచ్‌గా తెచ్చాడు. డిట్కా వచ్చేసరికే డిఫెన్స్ కుర్చీలో రయన్ కూర్చుని ఉన్నాడు. ఇద్దరికీ పడలేదు. ఒక్క రోజు కూడా పడలేదంటే అతిశయోక్తి కాదేమో.

పడకపోయినా 1985లో ఏమయిందో ఈ ఊళ్లో చిన్నపిల్లవాడిని అడిగినా చెబుతాడు. పదిహేను గెలుపులు, ఒక ఓటమి. ఆ ఒక్కటి మయామీలో, 38-24. ఆ ఆట మధ్య విరామంలో డిట్కా, రయన్ కొట్టుకునేదాకా వెళ్లారు. సీజన్ తరువాతి నాకౌట్ ఆటలు, అంటే ప్లేఆఫ్స్‌లో జయంట్స్‌కు సున్నా, రామ్స్‌కు సున్నా. ఆఖరి పోటీ సూపర్ బౌల్‌లో ప్యాట్రియట్స్ మీద 46-10. రయన్ పద్ధతికి కూడా ‘నలభై ఆరు’ అనే పేరు, కానీ దానికి ఈ స్కోరుతో సంబంధం లేదు. డగ్ ప్లాంక్ అనే ఆటగాడి చొక్కా మీది అంకె అది. సూపర్ బౌల్ ముందు రాత్రి రయన్ తన ఆటగాళ్ల ముందు కన్నీళ్లు పెట్టుకున్నాడు. అతను జట్టు వదిలిపోతున్నాడని వాళ్లకు అర్థమైంది. స్టీవ్ మెక్‌మైకెల్ కుర్చీ ఎత్తి బోర్డు మీదికి విసిరాడు. మర్నాడు ఆట ముగిశాక డిట్కాను ఒక గుంపు, రయన్‌ను ఇంకో గుంపు భుజాల మీద మోసుకెళ్లారు. ఒక కోఆర్డినేటర్‌ను అలా మోయడం నేను మళ్లీ చూడలేదు.

నిర్వాహకులు చీటీ పంపారు. అయిదు నిమిషాలట. చూశాను, తల్లీ. జేబులో పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక తెలివైన కుర్రాడు లేచి అడగాలి. ఎవరూ లేవలేదు కాబట్టి నేనే అడుగుతాను. రయన్ ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కు హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాక బెయర్స్ డిఫెన్స్ కూలిపోయిందా? లేదు. 1985లో రయన్ కింద సీజన్ మొత్తం అవతలి జట్లకు ఇచ్చిన పాయింట్లు 198. 1986లో కొత్తగా వచ్చిన విన్స్ టోబిన్ కింద ఇచ్చినవి 187. పదకొండు తక్కువ! విన్స్ టోబిన్ పేరు ఈ గదిలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ఇద్దరు. అందులో ఒకరు మా బావమరిది, అతనికి నేనే చెప్పాను.

మరి నేను ఇందాక చెప్పిన కథంతా వృథాయేనా? రయన్ గొప్పవాడు. కానీ టోబిన్ చేతికి వచ్చినవాళ్లు ఎవరు? డెంట్, సింగిల్టరీ, హ్యాంప్టన్, మెక్‌మైకెల్, ఫెన్సిక్. రయన్ నాలుగైదేళ్లు కూర్చుని దిద్దినవాళ్లు. ఆ నాలుగైదేళ్లు ఇచ్చింది ఆ ఉత్తరం. టోబిన్ కూడా ఆ ఉత్తరం పుణ్యాన్నే 187 సాధించాడని నా వాదన. కాదనేవాళ్లు భోజనాల దగ్గర నాతో పోట్లాడవచ్చు.

ఇప్పుడు షాన్ దేశాయ్ గురించి చెప్పాలి. అసలు నేను ఈ మైకు పట్టుకున్నది అతని కోసమే, ఇంకో సంగతి కోసం కూడా.

దేశాయ్ మన భారతీయ కుటుంబంలో పుట్టినవాడు. ఈ లీగ్‌లో కోఆర్డినేటర్ అయిన తొలి భారత సంతతి మనిషి. ఆ కుర్చీ ఇచ్చింది మన బెయర్సే, 2021లో. లీగ్‌లో ఆడినవాడు కాదు. ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో విద్యా రంగంలో డాక్టరేట్ చేశాడు. ‘డాక్టర్ కావాలి’ అని పిల్లల వెంటపడే తల్లిదండ్రులు గమనించాలి, ఈయన కూడా డాక్టరే. 2013లో బెయర్స్‌లో అతి చిన్న ఉద్యోగంలో చేరాడు. పాత ఆటల వీడియోలు కోయడం, లెక్కలు రాయడం, పెద్దవాళ్లకు అందించడం. 2015 నుంచి 2018 దాకా విక్ ఫాంజియో దగ్గర పనిచేశాడు. ఆ పేరు గుర్తుంచుకోండి. 2018లో ఫాంజియో డిఫెన్స్ లీగ్‌లో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చింది. ఆ సీజన్ మొదలయ్యే ముందే బెయర్స్ యాజమాన్యం పేరున్న డిఫెన్స్ ఆటగాడు కలీల్ మ్యాక్‌ను తెచ్చి ఆయన చేతిలో పెట్టిందని కూడా చెప్పాలి.

2021లో దేశాయ్ ఏడాది. జట్టు 6-11, అంటే ఆరు గెలుపులు, పదకొండు ఓటములు. అయినా రాబర్ట్ క్విన్ 18.5 శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసి, రిచర్డ్ డెంట్ పేరిట ఉన్న జట్టు రికార్డును దాటింది ఆ ఏడే. హెడ్ కోచ్ మ్యాట్ నేగీని తీసేశారు, దేశాయ్ కూడా పోయాడు. ఈసారి ఎవరూ ఉత్తరం రాసినట్టు నేను వినలేదు.

2023 ఫిబ్రవరి. ఈగిల్స్ సూపర్ బౌల్‌లో కాన్సాస్ సిటీ చేతిలో 38-35తో ఓడింది. రెండు రోజుల్లో వాళ్ల డిఫెన్సివ్ కోఆర్డినేటర్ జొనాథన్ గ్యానన్ అరిజోనాకు హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. ఈ నియామకాల సంతలో ఫిబ్రవరి మధ్య అంటే సంత ముగిశాక వెళ్లినట్టే. జనవరిలోనే మంచివాళ్లను ఎత్తుకుపోతారు. ఒప్పందంలో ఉన్న కోఆర్డినేటర్ అదే హోదాకు మారాలంటే పాత జట్టు కుదరదని అడ్డుపడవచ్చు. ఫాంజియో అప్పటికే మయామీకి మాట ఇచ్చేశాడు. నెలాఖరుకు కుర్చీ దేశాయ్‌కు దక్కింది. అంతకు ముందు సీజన్‌లో ఈగిల్స్ డిఫెన్స్ 70 శాక్‌లు చేసింది. కానీ దేశాయ్ వచ్చేసరికి ఆ డిఫెన్స్ ఆటగాళ్లలో హార్‌గ్రేవ్ శాన్‌ఫ్రాన్సిస్కోకు, గార్డ్‌నర్-జాన్సన్ డెట్రాయిట్‌కు, ఎడ్వర్డ్స్ ఇక్కడికి, మన బెయర్స్‌కు, ఎప్స్ లాస్ వేగస్‌కు వెళ్లిపోయారు, లేదా వెళ్లే దారిలో ఉన్నారు. ఇల్లు సగం ఖాళీ చేసి తాళాలు చేతికిచ్చారు.

అయినా జట్టు 10-1 దాకా వెళ్లింది. తరువాత రెండు ఆటల్లో 75 పాయింట్లు ఇచ్చింది, రెండూ ఓడింది. డిఫెన్స్ బాగా ఆడిందని నేను అనను, ఆడలేదు. కానీ 10-3 మీద ఉన్న జట్టు, సీజన్ మధ్యలో, ఆదేశాలిచ్చే పని దేశాయ్ చేతిలోంచి తీసుకుని అదే జట్టులోని ఇంకో కోచ్ మ్యాట్ ప్యాట్రిషియాకు ఇచ్చింది. మొదటి ఆటలోనే సియాటిల్ చివరి నిమిషంలో గెలిచింది. ప్లేఆఫ్స్‌తో కలిపి ప్యాట్రిషియా చేతిలో అయిదు ఆటలు: ఒక గెలుపు, నాలుగు ఓటములు. ఆఖరుది టాంపాలో 32-9. ఆ తరువాత జనవరిలో దేశాయ్‌ను పూర్తిగా పంపేశారు. హెడ్ కోచ్ నిక్ సిరియాని మిగిలాడు.

దేశాయ్ స్థానంలో వచ్చింది ఎవరు? విక్ ఫాంజియో. శిష్యుణ్ణి పంపి గురువును తెచ్చుకున్నారు. గురువు మహానుభావుడే, నాకు ఎలాంటి పేచీ లేదు. ఈ ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో ఒక్క బ్లిట్జ్ కూడా (మామూలు కంటే ఎక్కువమందిని మీదికి ఉరికించడం) పంపకుండా కాన్సాస్ సిటీ క్వార్టర్‌బ్యాక్ మహోమ్స్‌ను ఆరుసార్లు పడగొట్టించాడు, 40-22. కానీ ఆయనకు ఏమిచ్చారో చూడండి. కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్ మొదటి రౌండులో క్విన్యాన్ మిచెల్, రెండో రౌండులో కూపర్ డిజీన్, బయటి నుంచి జాక్ బాన్. వెళ్లిపోయిన గార్డ్‌నర్-జాన్సన్‌ను కూడా వెనక్కి పిలిచారు. ఇంకో మాట. నిరుడు సెప్టెంబరు ఆఖరున టాంపాలో ఓడి ఈగిల్స్ 2-2 దగ్గర ఉన్నప్పుడు ఫాంజియోను కూడా తిట్టినవాళ్లున్నారు. ఎవరూ ఆయన రేడియో లాక్కోలేదు. ఆ తరువాత పదిహేడు ఆటల్లో పదహారు గెలిచారు.

దేశాయ్ మనవాడు కాబట్టి వెనకేసుకొస్తున్నానని అనుకుంటున్నారా? కొంత నిజమే. మనవాడు కాకపోయినా ఇదే చెప్పేవాణ్ణి, కాకపోతే గొంతు ఇంత పెంచేవాణ్ణి కాదు.

ఇక ఆ రెండో సంగతి. మన సంఘం పిల్లల వాలీబాల్ జట్టుకు నేర్పే మాస్టారిని ఈ శీతాకాలంలో మార్చారు. ఎందుకు మార్చారో, ఎవరు మార్చారో నేను పేర్లు పెట్టను. కార్యవర్గం వాళ్లు ఈ మధ్యాహ్నం నాకు బొట్టు పెట్టి, కండువా కప్పినవాళ్లే. పోయిన టోర్నమెంటులో మొదటి రౌండులో ఓడారన్నది కారణమట. ఆ జట్టులో పొడుగు పిల్లలు ముగ్గురు కాలేజీకి వెళ్లిపోయారని, బదులుగా ఎవరినీ ఇవ్వలేదని కారణాల జాబితాలో లేదు. పిల్లలు ఒక ఉత్తరం రాశారు. తెలుగులో రాశారు, అమ్మా! ఒత్తులు కొన్ని తప్పాయి, సంతకాలు మాత్రం అందరివీ ఉన్నాయి. దానికి ఇంతవరకు జవాబు లేదు.

చప్పట్లు తరువాత కొడుదురుగాని. నిర్వాహకులు రెండో చీటీ పంపారు.

మన బెయర్స్ కూడా ఈ జనవరిలో బెన్ జాన్సన్‌ను హెడ్ కోచ్‌గా, డెనిస్ అలెన్‌ను డిఫెన్స్‌కు తెచ్చారు. అలెన్ న్యూ ఆర్లీన్స్‌లో హెడ్ కోచ్‌గా ఉండి నవంబరులో ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. అక్టోబరులో అతను రెండు ఆటలు ఓడగానే ఫోన్లలో ‘తీసేయండి’ అని రాసే తమ్ముళ్లూ, చేతిలో ఎవరున్నారో ముందు చూడండి.

అధ్యక్షుల వారికి నా విన్నపం ఒక్కటే. ఏప్రిల్ కార్యవర్గ సమావేశంలో పిల్లల ఉత్తరం మొదటి అంశంగా పెట్టండి, ఆ పిల్లల్లో ఇద్దరిని పిలిచి కూర్చోబెట్టండి. మాస్టారిని కూడా పిలవండి. ఉత్తరం ప్రతి నా దగ్గర ఉంది, కార్యదర్శి గారికి ఇప్పుడే ఇస్తున్నాను. అందినట్టు సంతకం చేయండి, బాబూ. కలం కావాలా?