జీపుకి 8 ఇంచుల డిస్కులు, 235 టైర్లు: టేపు పెడితే ఏం తేలిందంటే

నమస్తే అన్నలూ, తమ్ముళ్ళూ. ఇయ్యాళ మన ముందర నిలబడి ఉండేది మహీంద్రా సీజే 3బీ, ఎత్తు బానెట్టు జీపు. దీనికి కొత్తగా ఎక్కించిన డిస్కుల గురించీ, అంటే టైరు ఎక్కించే ఇనప చక్రాల గురించీ, టైర్ల గురించీ ఈ వీడియో. ముందే చెప్పేస్తా: డిస్కులు కంపెనీవాళ్ళే ఫ్రీగా పంపించారు, టైర్లు దుడ్లు పెట్టి కొన్నవి. "కాస్త మంచిగా చెప్పండి" అని కూడా అన్నారు. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఎందుకు చెప్పనో రెండు నిమిషాలు చూస్తే మీకే తెలిసిపోద్ది.

స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికే యాడో ఒకచోట చూసుంటారు. స్టీలు డిస్కు, 15 ఇంచులు, వెడల్పు 8, ఐదు బోల్టులు, పీసీడీ (బోల్టులన్నిటి మీదుగా గీసిన వలయం అడ్డకొలత) 139.7 మిల్లీమీటర్లు, నల్ల పౌడర్ కోటింగు. టైరు 235/75 ఆర్15 (వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 75 శాతం, 15 ఇంచుల డిస్కుకి), అన్ని రకాల నేల మీదా తిరిగే ఆల్ టెరైన్. ఫోటోలో ఎంత బాగుండాదో ఎదురుగా చూసినా అంతే బాగుండాది. ఆ విషయంలో వంక పెట్టేదేం లేదు.

పీసీడీ ముచ్చట త్వరగా ముగిద్దాం. 139.7 అంటే ఐదున్నర ఇంచులు, విల్లీస్ కాలం నుంచీ జీపుకి ఇదే. జిప్సీకీ, జిమ్నీకీ ఇదే. మీ బండికి ముందటి ఓనరు ఏ యాక్సిల్ మార్చి పెట్టాడో తెలియకపోతే కొలుచుకోండి. ఐదు బోల్టుల్లో ఎదురెదురుగా రెండు ఉండవు గాబట్టి, పక్కపక్కనుండే రెండు బోల్టుల నడిమి నుంచి నడిమికి కొలిచి 1.7 పెట్టి గుణించండి. 82 మిల్లీమీటర్లు వచ్చిందా, మీది 139.7. 67 వచ్చిందా, అది 114.3, అంటే ఇన్నోవా, క్రెటా డిస్కుల లెక్క. నడిమి బొక్క కూడా చూసుకోండి. ముందు చక్రాలకి లాక్ హబ్బులు (ఫోర్ బై ఫోర్‌కి చక్రాన్ని యాక్సిల్‌తో కలిపే, విడదీసే హబ్బులు) ఉంటే అవి బయటికి పొడుచుకోని ఉంటాయి. బొక్క చిన్నదైతే డిస్కు హబ్బు మీదికి పోనే పోదు. ఈ డిస్కులు పొయ్యాయి. వీటితో పంపిన నడిమి మూతలు మాత్రం ముందు వైపు పనికిరావు.

ఇంక అసలు గొడవకి వద్దాం. పెట్టె మీద "ఆఫ్‌సెట్ 0" అని వేసుండాది, అంటే హబ్బుకి ఆనే ముఖం డిస్కు వెడల్పుకి సరిగ్గా నడిమిన ఉండాలని. ఒరేయ్, కెమెరా కాస్త కిందికి దించు. డిస్కుని ముఖం నేలకి పెట్టి బోర్లించాను. వెనక అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఒక చదునైన ఇనప పట్టీ పెట్టాను. ఇప్పుడు పట్టీ అడుగు నుంచి, హబ్బుకి ఆనే ముఖం దాకా టేపు దించుతున్నా. ఎంత? 95 మిల్లీమీటర్లు. దీన్నే బ్యాక్ స్పేస్ అంటారు. ఇప్పుడు డిస్కు మొత్తం వెడల్పు ఈ అంచు నుంచి ఆ అంచుకి కొలుస్తున్నా: 228. "8 ఇంచులంటే 203 గదా?" అనబాకండి. 8 అనేది టైరు కూర్చునే లోపలి కొలత. రెండు అంచుల మందం కలిపితే ఇంకో ఇంచు వస్తది. 228లో సగం 114. ఆఫ్‌సెట్ నిజంగా సున్నా అయితే ఇక్కడ 114 రావాల. వచ్చింది 95. అంటే ఈ డిస్కు 19 మిల్లీమీటర్లు బయటికి ఉండాది. మైనస్ 19. నాలుగు డిస్కులూ కొలిచాం, నాలుగూ అంతే. ఒక పీసు తేడా రాలేదు గాబట్టి తయారీలో పొరపాటు కాదు, పెట్టె మీద అంకె పొరపాటు.

"19 మిల్లీమీటర్లకే ఇంత గోలా?" అంటారు. లెక్క చూడండి. 235 టైరు 6.5 ఇంచుల డిస్కు మీద కూర్చుంటేనే 235 వెడల్పు. డిస్కు అర ఇంచు పెరిగితే టైరు సుమారుగా 5 మిల్లీమీటర్లు వెడల్పవుద్ది. కాబట్టి 8 ఇంచుల డిస్కు మీద ఇది 250. హబ్బు ముఖం నుంచి బయటికి 144 మిల్లీమీటర్లు, లోపలికి 106. అదే 7 ఇంచుల డిస్కు, నిజమైన సున్నా ఆఫ్‌సెట్ అయితే టైరు 240, బయటికి 120, లోపలికి 120. పక్కకి 24 మిల్లీమీటర్లు తేడా.

చక్రం నడిమి భాగం 19 బయటికి పోయిందే, ఆ భారమంతా ఎవురి మీద పడేది? చక్రం బేరింగుల మీద, కింగ్ పిన్ను (ముందు చక్రం పక్కకి తిరిగే ఇరుసు) మీద, స్టీరింగు మీద. చక్రం నడిమి భాగం కింగ్ పిన్నుకి ఎంత దూరం పోతే, గుంట తగిలినప్పుడు స్టీరింగుని అంత గట్టిగా గుంజుద్ది. ఈ బండికి పవర్ స్టీరింగు లేదు. చీమకుర్తి పక్క గ్రానైట్ లారీలు తిరిగే రోడ్డు మీద ఆ గుంజుడు చేతికి తెలుస్తది, బొటనవేలు స్టీరింగు చువ్వ లోపల పెట్టిన చెయ్యికి ఇంకా బాగా తెలుస్తది. దానికితోడు ఈ టైరూ డిస్కూ కలిసి ఒక్కోటి పాతిక కిలోల దగ్గర ఉండాది. స్పీడు 50, 60 మధ్య ముందు చక్రాలు వణకటం మొదలైతే చానామంది బ్యాలెన్సింగుకి పరిగెత్తుతారు. ముందు చూడాల్సింది స్టీరింగు కడ్డీల కీళ్ళు, అంటే బెల్ క్రాంక్ బుష్షు, టై రాడ్ ఎండ్లు, ఆపైన కింగ్ పిన్ను బిగువు. అవి అరిగున్న బండికి సన్న టైరు వేసినన్నాళ్ళూ దాగున్న రోగం, ఇట్టాంటి డిస్కు వెయ్యగానే బయటపడుద్ది. ఇంకో మాట, అలైన్‌మెంట్ షాపులో ఈ జీపుకి కాంబర్ (చక్రం నిలువు వంపు) సెట్ చేస్తామంటే నమ్మబాకండి. ఇది ఒకే ముక్క యాక్సిల్, మరతో తిప్పి సరిచేసేది టో ఇన్ (ముందు చక్రాలు ముందు వైపు లోపలికి తిరిగుండే కొలత) ఒక్కటే.

న్యాయంగా ఇంకో పక్క కూడా చెప్పాల. డిస్కులు చేసేవాళ్ళు బయటికి ఎందుకు నెడతారంటే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు లోపలి అంచు కమాన్ పట్టీకి రాసుకోకూడదని. నేను చెప్పే 7 ఇంచుల డిస్కు వేస్తే లోపల 14 మిల్లీమీటర్లు చోటు తగ్గుద్ది, రాసుకునే అవకాశం ఉండాది. దానికి మందు నకిల్ (చక్రంతోపాటు తిరిగే యాక్సిల్ చివరి భాగం) దగ్గరుండే స్టాపర్ బోల్టు. లాక్ నట్టు వదులు చేసి, టైరుకీ పట్టీకీ నడుమ వేలు దూరేంత సందు వచ్చేదాకా బోల్టు బయటికి తిప్పి బిగించండి. బండి తిరిగే చోటు కాస్త పెరుగుద్ది. సందులో రివర్సు చేసుకోవచ్చుగానీ, బేరింగులు మాటిమాటికీ మార్చుకోలేం గదా. నా ఓటు 7 ఇంచులకే. బాధేందంటే మార్కెట్లో ఎవురిని అడిగినా 8 తీస్తారు, 10 తీస్తారు. 7 అడిగితే మనల్ని పిసినారిని చూసినట్టు చూస్తారు! 235/75కి టైరు కంపెనీల లెక్క ప్రకారం 6 నుంచి 8 ఇంచుల దాకా సరిపోద్ది. 8 అనేది ఆఖరి గీత. ఆఖరి గీత మీద టైరు పక్క గోడలు నిలువుగా లాక్కుపోతాయి. గాలి తగ్గించి ఇసకలో దిగితే బీడు (టైరు డిస్కుని పట్టుకునే అంచు) ఊడిపొయ్యే ముప్పు కూడా అక్కడే ఎక్కువ.

టైరు సైజు మాత్రం నూటికి నూరు సరైంది. పాత 6.00-16 ఎత్తు 720 దగ్గర. 235/75 ఆర్15 ఎత్తు 733. మీటర్లో 60 చూపిస్తే నిజంగా 61. గేర్లకేం తేడా తెలియదు. బొలెరో సైజు 215/75 అయితే 703, కాస్త పొట్టి, అయినా సరిపెట్టుకోవచ్చు. 31 ఇంచుల టైరు అడిగే తమ్ముళ్ళకి చెప్తున్నా: అది 787. 5.38 నిష్పత్తి డిఫరెన్షియల్ గేరు ఉండే పెట్రోల్ బండికైనా మూడో గేరులో ఊపు చచ్చిపోద్ది, బ్రేకు కూడా ఇంకొంచెం ఎక్కువ తొక్కాల. పాత 9 ఇంచుల డ్రమ్ములతో ఆ పని వద్దే వద్దు.

డ్రమ్ములు తీసి ముందర డిస్కు బ్రేకు పెట్టించుకున్న బండ్లకి ఒక చిన్న పని. గోధుమపిండి ముద్ద చపాతీకి కలిపినట్టు గట్టిగా కలిపి, క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని బిగించి పట్టే భాగం) మీద ఎత్తుగా ఉండే చోట్ల అతికించండి. చక్రం ఎక్కించి, నట్లు బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి ఊడదియ్యండి. పిండి ఎంత మందం మిగిలిందో అదే మీకుండే సందు. 3 మిల్లీమీటర్లకి తగ్గితే ఆ డిస్కు మీది కాదు.

ఇప్పుడు నట్లు. దీని మీద నాకు కోపం ఎక్కువ, ఎందుకంటే ఇది ప్రాణాలతో పని. పాత జీపు స్టడ్డు (హబ్బు నుంచి బయటికుండే, నట్టు ఎక్కే బోల్టు) అర ఇంచు, ఇంచుకి 20 మరలు. పెట్టెలో వచ్చిన నట్లు ఎం12, అంటే 12 మిల్లీమీటర్ల స్టడ్డువి. అవి ఎక్కలేదు, ఎక్కకపోవటమే మన అదృష్టం. దీనికి తిరగేసి జరిగితేనే ప్రమాదం. జిప్సీ యాక్సిల్ వేసిన జీపులు మనకాడ చానా ఉండాయి. జిప్సీ స్టడ్డు ఎం12, మరకీ మరకీ దూరం 1.25 మిల్లీమీటర్లు. దానికి జీపు నట్టు పెడితే చక్కగా తిరుగుద్ది, బిగిసినట్టే ఉంటది. అర ఇంచు అంటే 12.7, ఎం12 కంటే వదులు. మరలు కొసన మాత్రమే పట్టుకోని ఉంటాయి, ఏదో ఒక రోజు జారిపోతాయి. ఇంకోటి, బాగా పాత జీపుల్లో ఎడమ పక్క చక్రాలకి ఎదురు మర ఉంటది. స్టడ్డు కొసన ఎల్ అని కొట్టి ఉంటే అదే. తెలియకుండా గన్ను పెట్టి వదులు చేద్దామని బిగిస్తే స్టడ్డు విరుగుద్ది.

నట్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో లెక్కపెట్టండి. అర ఇంచు స్టడ్డుకి చేత్తో కనీసం 10 చుట్లు పట్టాల. అల్లాయ్ డిస్కు అయితే బోల్టు కాడ మందం ఎక్కువ, స్టడ్డు చాలదు. అప్పుడు పొడుగు స్టడ్లు కొట్టించాలేగానీ, ఆరు చుట్లతో సరిపెట్టబాకండి. స్పేసర్ల గురించి, అంటే హబ్బుకీ డిస్కుకీ నడుమ పెట్టి చక్రాన్ని ఇంకా బయటికి నెట్టే బిళ్ళల గురించి అడగనే అడగబాకండి. ఉన్న మైనస్ చాలకనా!

ఈ డిస్కుల్లో ఇంకో లోపం: పౌడర్ కోటింగు మందంగా ఉండాది, నట్టు కూర్చునే గుంటలో కూడా కొట్టేశారు. నట్టు బిగువంతా రంగు మీద పడుద్ది. బండి తిరిగేకొద్దీ రంగు నలిగి నట్టు వదులవుద్ది. నట్టు గుంటల్లోనూ, హబ్బుకి ఆనే ముఖం మీదా రంగు గీకించి, పల్చగా ప్రైమర్ వేసి అప్పుడు బిగించండి. టార్క్ రెంచి మీద 100 న్యూటన్ మీటర్ల దగ్గర, నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి. 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి.

రంగు మాట వచ్చింది గాబట్టి, రొయ్యల గుంటల గట్ల మీద, మైపాడు ఇసకలో తిరిగే బండ్లకి ఉప్పుతో పేచీ. డిస్కు లోపల వెల్డింగు గీత వెంట తుప్పు మొదలవుద్ది. ఇంటికి రాగానే లోపలి వైపు మంచినీళ్ళు కొట్టండి. బయట మెరిసేది ఎట్టాగూ కడుగుతారు.

గాలి: టైరు మీద 105 అని ఉండాది, అంటే ఒక్కో టైరు 925 కిలోలు మోస్తది. జీపు బరువుకి అది చానా ఎక్కువ. 35 కొట్టిస్తే నడిమి భాగమే నేలకి ఆని, బండి ఎగురుద్ది. టైరు అడ్డంగా సుద్దముక్కతో గీత గీసి కాస్త దూరం తిన్నగా నడపండి. నడిమే చెరిగితే గాలి ఎక్కువ, అంచులే చెరిగితే తక్కువ. ఈ బండికి 26 దగ్గర సమంగా చెరిగింది. కొనేటప్పుడు పక్క గోడ మీద చివరి నాలుగంకెలు చూడండి. 3523 అని ఉంటే 2023లో 35వ వారం తయారైంది అని.

నాలుగే పంపారన్నా, జీపుకి ఐదు కావాల. స్టెప్నీ పాత 6.00-16 పెట్టుకోని తిరుగుతూ, అవసరం పడితే వేసి ఫోర్ బై ఫోర్ పెట్టారంటే ముందు వెనక చక్రాలు సమంగా తిరగవు. నడిమి డిఫరెన్షియల్ లేని బండి, ఆ ఒత్తిడంతా ముందు వెనక యాక్సిళ్ళకి శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్ల మీదికి పోద్ది. ఐదో డిస్కు ధర కలుపుకోని బేరం ఆడండి.

రూలు సంగతి: కంపెనీ ఇచ్చిన కొలతలు దాటి మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పుండాది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద. మడ్‌గార్డు దాటి టైరు బయటికొస్తే పట్టుకోవటానికి అది చాలు. ఈ బండికి వచ్చింది కూడా. బండి వయసు 50 దాటి వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుందాం, వీఏ నంబరు ప్లేటు వేసుకుందాం అనుకునేవాళ్ళు, పాత 16 ఇంచుల డిస్కులు తుక్కుకి వెయ్యబాకండి. ఇసక కొట్టించి, రంగేసి, గోడకి ఆనించి పెట్టుకోండి.

తీర్పు అడుగుతారు గదా. టైర్లకి మార్కులు నిండుగా. డిస్కులు, రంగు గీకటానికీ నట్లు మార్చటానికీ అయ్యే ఖర్చుతో కలిపి చూస్తే, ఊరికే వచ్చినా ఊరికే కాదు. ఇవి వెనక్కి పంపిస్తన్నాం. సున్నా ఆఫ్‌సెట్‌లో 7 ఇంచులవి చేస్తే మళ్ళీ పంపమని రాశాం.

కామెంట్లో "నా జీపుకి ఇది సరిపోద్దా అన్నా" అని ఫోటో ఒక్కటి పెడితే చెప్పలేను. యాక్సిల్ ఏది, డిస్కు వెడల్పు ఎంత, బ్యాక్ స్పేస్ ఎంత, ఆ మూడూ రాయండి, చెప్తా.