సీకోనా, ఓరియంటా: తమ్ముడి చేతికి ఏ ఆటోమేటిక్ వాచీ?

వ్యాఖ్యాత: నమస్కారం మాస్టారూ. మా తమ్ముడికి ఉద్యోగం వచ్చిన సందర్భంగా ఒక ఆటోమేటిక్ వాచీ కొనిపెట్టాలనుకుంటున్నాను. వెతికి వెతికి చివరికి రెండింటి దగ్గర ఆగిపోయాను. ఒకటి 2019లో వచ్చిన సీకో 5 స్పోర్ట్స్ శ్రేణిలోది, రెండవది ఓరియంట్ కమాసు. ఏది తీసుకోమంటారు?

అతిథి: రెండూ జపానువే. పైగా చుట్టాలు కూడానమ్మా. ఓరియంట్ 2009 నుంచి పూర్తిగా సీకో ఎప్సన్ చేతిలో ఉంది. లోపలి యంత్రాలు మాత్రం వేరు: సీకోలో 4ఆర్36, ఓరియంట్‌లో ఆ కంపెనీ సొంత ఎఫ్6922. పని తీరు ఒకటే. చేయి కదిలినప్పుడల్లా అర్ధచంద్రాకారపు బరువైన పలక ఊగి స్ప్రింగును చుడుతుంది. కావాలంటే కీ కూడా ఇచ్చుకోవచ్చు. ఒకప్పుడు పెళ్లిలో అల్లుడికి హెచ్‌ఎంటీ కాంచన్ పెట్టారంటే అదీ ఆటోమేటిక్ వాచీయే.

వ్యాఖ్యాత: అయితే తేడా ఎక్కడ ఉంది?

అతిథి: మొదటిది అద్దం. కమాసుకు నీలమణి అద్దం, అంటే సఫైర్, ఉంటుంది. గోడకు రాసుకున్నా సులువుగా గీతలు పడవు. సీకోకు ఉన్నది హార్డ్‌లెక్స్, గట్టిపరచిన మామూలు గాజు. నీటిని తట్టుకునే విషయంలోనూ కమాసుకు 200 మీటర్లు, సీకోకు 100 మీటర్లు అని రాస్తారు. కంపెనీలు చెప్పే లెక్క ప్రకారం ఓరియంట్ రోజుకు 25 సెకన్లు ముందుకో, 15 వెనక్కో పోవచ్చు. సీకోలో ఆ అంకెలు 45, 35. కాగితం మీద చూస్తే నేను కమాసునే కొనమంటాను.

వ్యాఖ్యాత: కాగితం మీద అన్నారు, అంటే ఇంకేదో ఉంది.

అతిథి: మీ తమ్ముడు శని, ఆదివారాల్లో వాచీ పెట్టుకుంటాడా?

వ్యాఖ్యాత: పెట్టుకోడు మాస్టారూ. శుక్రవారం రాత్రి తీసి బల్ల మీద పడేస్తే, సోమవారం ఉదయం ఆఫీసుకు బయలుదేరే తొందరలో మళ్ళీ దాని కోసం వెతుక్కుంటాడు. ఏ మూత తిప్పినా విరిగిపోయేదాకా తిప్పడం వాడికి చిన్ననాటి అలవాటు.

అతిథి: అక్కడే ఉంది అసలు సంగతి. నిండుగా చుట్టినా రెండూ 40 గంటల ప్రాంతంలో ఆగిపోతాయి కాబట్టి ప్రతి సోమవారమూ సమయం, వారం, తేదీ సరిచేయవలసి వస్తుంది. సీకోలో కీ లాగితే సరిపోతుంది. కమాసులో కీ మరతో బిగించి ఉంటుంది. ముందు ఆ మర విప్పి, పని అయ్యాక లోపలికి నొక్కుతూ మళ్ళీ బిగించాలి. తొందరలో వంకరగా బిగిస్తే మర అరిగిపోతుంది, ఆ తరువాత ఆ 200 మీటర్లకు అర్థం ఉండదు. ముళ్ళు రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 4 మధ్యలో ఆగి ఉంటే తేదీని నేరుగా మార్చకూడదు, ముందు ముళ్ళను ఆరు దగ్గరకు తీసుకురావాలి. ఇది రెండింటికీ వర్తిస్తుంది.

వ్యాఖ్యాత: మరి సీకో అద్దం మీద గీతలు?

అతిథి: పడతాయి, బండి తోలేవాడి చేతికి తప్పకుండా పడతాయి. అయితే ఈ సీకో వాచీకి సరిపోయే నీలమణి అద్దాలు విడిగా దొరుకుతాయి, పనివాడు పాతది తీసి బిగిస్తాడు. పైగా 4ఆర్36 లాంటి యంత్రాన్నే ఎన్‌హెచ్36 పేరుతో ఇతర కంపెనీలకూ అమ్ముతారు కనుక విడిభాగాలకు లోటు లేదు. కమాసులో మర అరిగిన కీ గొట్టం మార్చడం అంత తేలిక కాదమ్మా. అందుకే నా మాట మార్చుకుంటున్నాను, ఈ అబ్బాయికి సీకోయే నయం.

వ్యాఖ్యాత: పెద్దదిగా ఉండదు కదా? వాడిది సన్నని మణికట్టు.

అతిథి: సీకో వెడల్పు 42.5 మిల్లీమీటర్లు అనగానే భయపడకండి, పై కొన నుంచి కింది కొనకు 46 మిల్లీమీటర్లే. కమాసు కూడా దాదాపు అంతే. కాగితం ముక్క మీద 46 మిల్లీమీటర్లు గీసి, వాడు నిద్రపోతున్నప్పుడు మణికట్టు మీద పెట్టి చూడండి.