తాత్కాలిక మెయిలు: రక్షణా, ముసుగా? నెల్లూరు స్టూడియో చర్చ

సమన్వయకర్త: నమస్కారం. తత్కాల్ టికెట్ల అక్రమాలను అరికట్టే క్రమంలో కాసేపు మాత్రమే పనిచేసే తాత్కాలిక ఈమెయిల్ చిరునామాలిచ్చే 6,800కు పైగా డొమైన్లను, అంటే చిరునామాలో @ తర్వాత వచ్చే పేర్లను, అడ్డుకున్నట్లు 2025లో ఐఆర్‌సీటీసీ వెల్లడించింది. దొంగ ఖాతాలకు పనికొచ్చిన ఈ చిరునామాలను మామూలు మనిషి వాడవచ్చా అన్నదే నేటి చర్చ. అందరికీ సమాన సమయం ఇస్తాను. శిక్షకుడు గారూ, ఇది నేరగాళ్ల ముసుగు కాదా?

కంప్యూటర్ శిక్షకుడు: కాదండీ. ఒక ఉచిత పుస్తకం దించుకోవాలన్నా, ఒక ధర తెలుసుకోవాలన్నా ముందు మెయిలు ఇమ్మంటున్నారు. ఇచ్చాక వచ్చిపడే ప్రకటనల కింద బ్యాంకు పంపిన హెచ్చరిక ఎక్కడో అడుగున ఉండిపోతుంది. కాసేపటికి దానంతట అదే చెరిగిపోయే చిరునామా ఇస్తే...

న్యాయవాది: ఒక్క నిమిషం...

శిక్షకుడు: పూర్తి చేయనివ్వండి. ఏదో ఒక సంస్థ నుంచి మన అసలు చిరునామా బయటికి పొక్కితే, మోసపు లింకులు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి.

ఇంటర్నెట్ సెంటర్ నిర్వాహకురాలు: కావలి నుంచి వచ్చిన ఒక అబ్బాయి స్కాలర్‌షిప్ దరఖాస్తుకు అలాంటి మెయిలే ఇచ్చాడు. తర్వాత పాస్‌వర్డ్ మరచిపోయాడు. తెరపై ‘లింకు పంపాం’ అని ఆకుపచ్చ అక్షరాలు కనబడుతున్నాయి గానీ, ఆ లింకు చేరవలసిన మెయిలు పెట్టె అప్పటికే లేదు. గడువు మరునాడే.

శిక్షకుడు: బ్యాంకుకు, పరీక్షలకు, ప్రభుత్వ పనులకు అసలు మెయిలే ఇవ్వాలి, అందులో వాదమే లేదు. నేనంటున్నది ఒక్కసారి పనిపడే చోట్ల గురించి...

సమన్వయకర్త: ముసుగు సంగతి చెప్పండి.

న్యాయవాది: నేను చెబుతాను. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ఇచ్చిన సమ్మతిని వెనక్కు తీసుకునే హక్కును మనకు కల్పించింది. అదే చట్టంలోని 15వ సెక్షన్ మరొకరిగా నటించరాదని పౌరుడికీ విధి పెట్టింది, తప్పితే 10,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. తాత్కాలిక చిరునామా వాడినంత మాత్రాన మరొకరిగా నటించినట్లు కాదని నా అభిప్రాయం. అయితే...

శిక్షకుడు: విన్నారు కదా! డేటాను కాపాడలేని సంస్థకు అదే చట్టం 250 కోట్ల వరకు జరిమానా పెట్టింది. తప్పు ఎవరి వైపున ఉందో...

న్యాయవాది: నా మాట పూర్తి కాలేదండీ. మెయిలినేటర్ లాంటి సేవల్లో ఉచిత పెట్టెలు బహిరంగమైనవి. పెట్టె పేరు టైపు చేసిన ఎవరైనా అందులోని ఉత్తరాలు చదవవచ్చు. అక్కడికి ఓటీపీ వస్తే దాన్ని రక్షణ అనగలమా?

శిక్షకుడు: అందుకే మారు చిరునామాలు వాడమంటాను. 2021లో ఆపిల్ ‘హైడ్ మై ఈమెయిల్’ తెచ్చింది, ఫైర్‌ఫాక్స్ రిలే కూడా ఉంది. ఉత్తరం మన పెట్టెకే చేరుతుంది, అవతలివాడికి మాత్రం అసలు చిరునామా తెలియదు. ప్రకటనలు మొదలైతే ఆ ఒక్కదాన్నే మూసేయవచ్చు.

నిర్వాహకురాలు: మా దగ్గరికి వచ్చేవారిలో చాలామందికి మెయిలు తెరిచిపెట్టేది మేమేనండీ. వారికి ఇదంతా ఎవరు నేర్పుతారు?

శిక్షకుడు: నేర్పాలి, బడిలోనే నేర్పాలి...

సమన్వయకర్త: కానీ తత్కాల్ దళారులకు ముసుగైంది ఇదే కదా?

శిక్షకుడు: దళారిని దళారిగా పట్టుకోండి. గోప్యత కోరుకున్న గృహిణిని అనుమానించకండి.

న్యాయవాది: దళారి ఎవరో తెలియనివ్వనిది ఆ చిరునామాయే...

సమన్వయకర్త: సమయం ముగిసింది. శిక్షకుడు గారూ, చివరిగా ఒక్క మాట.

న్యాయవాది: నాకు సగం సమయం కూడా రాలేదు.

శిక్షకుడు: అవసరం లేని చోట మెయిలు అడగడం ముందు ఆపమనండి, ఆ తర్వాతే మమ్మల్ని ప్రశ్నించమనండి.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతుండగా ప్రసారం ముగిసింది.)