విశేషాలు లేవు

(కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఒక బాలల గృహంలో, సిబ్బందిని సత్కరించిన సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, వార్డెన్ గారికి, వంటశాల గుమ్మం దాటి ఇవతలికి రాకుండా అక్కడి నుంచే వింటున్న పెద్దమ్మకు కూడా.

నేను లెక్కల మాస్టారిని. ఉద్యోగ విరమణ చేశాక ఆదివారాలు ఇక్కడికి వచ్చి పాఠం చెబుతున్నాను. ఆదివారమంటే తలంట్ల రోజు. కుంకుడు రసం కళ్ళలో పడి ఏడుపులు, పేల దువ్వెనలు, కొబ్బరినూనె. నేను భిన్నాలు మొదలుపెట్టేసరికి సగం తలలు ఆరక నోటు పుస్తకాల మీద చుక్కలు రాలుతుంటాయి.

సిబ్బంది గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఏం చెప్పాలో తోచక మొన్న ఆఫీసు గదిలో రాత్రి డ్యూటీ రిజిస్టరు తిరగేశాను. ఏ పేజీ తీసినా చివరి గడిలో ఒకటే మాట: 'విశేషాలు లేవు.'

అందులో ఒక రాత్రి సంగతి నాకు తెలుసు. ఆ రోజు వానకు ఆటోలు ఆగిపోయి ఇక్కడే పడుకున్నాను. పదకొండింటికి కరెంటు పోయింది. పన్నెండు దాటాక చిన్నపిల్లల గదిలో ఒకడు పక్క తడిపాడు. లేచి, చప్పుడు కాకుండా దుప్పటి మడిచి మంచం కింద దాస్తున్నాడు. ఆయమ్మ టార్చి వెయ్యలేదు. చీకట్లోనే వచ్చి దుప్పటి అందుకుని, "చెంబులో నీళ్ళు నేనే ఒలకబోశానురా, వచ్చి ఈ పక్కన పడుకో" అన్నారు. తెల్లవారి చూస్తే వసారాలో దండెం మీద ఐదు దుప్పట్లు ఆరుతున్నాయి. ఒక్కటే ఆరేస్తే ఎవరిదో పిల్లలు పోల్చుకుంటారని, శుభ్రంగా ఉన్న నాలుగింటిని కూడా ఆవిడ తడిపారు. రిజిస్టరులో ఆ తారీఖుకు ఎదురుగా, విశేషాలు లేవు.

వాడి పేరు చెప్పను. ఇలాంటి పిల్లల వివరాలు పత్రికల్లో, ప్రసార మాధ్యమాల్లో రాకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ అంటుంది. ఆయమ్మ ఆ సెక్షన్ చదివి ఉండరనుకుంటాను.

బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో ఇక్కడికి పిల్లలు వేళాపాళా లేకుండా వస్తారు. వార్డెన్ గారు కాగితాలు చూసుకునేలోగా పెద్దమ్మ అడిగేది, "ఏం తిన్నావు నాన్నా?" అని. "అన్నం తిన్నావా?" అని అడగరు. అలా అడిగితే కొత్తపిల్లలు తిన్నామనే చెబుతారట.

మన ప్రాంతం వాళ్ళకు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద అంకెలు జ్వరం కొలతల్లా నోటికి వస్తాయి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది వినగానే పెద్దమ్మ ఎవరి ఉత్తర్వు కోసమూ చూడరు. బియ్యం బస్తాలు బల్లల మీదికి, పప్పు, చింతపండు అటక మీదికి. 2022 జూలైలో మూడోది కూడా దాటింది. లంకలు మునిగాయి. ఆవిడ ఇల్లూ లంకలోనే. ఆ నాలుగు రోజులూ ఇక్కడే ఉండి వేళకు ఎసరు పెట్టారు. మీ ఇంటి సంగతేమిటమ్మా అంటే, "మనుషులు, మేకలు గట్టెక్కారు కదండీ" అని గంజి వార్చడానికి వెళ్ళిపోయారు.

కాపలా తాత గురించి ఎక్కువ చెబితే ఆయనకు నచ్చదు. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు ఆయన కుర్చీ గేటు దగ్గర ఉంటుంది. నీళ్ళు వదిలిన రోజు నుంచి రేవు మెట్ల దగ్గర ఉంటుంది.

నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే ఒక మాట. శాలువాలు కప్పాం, బాగుంది. ఏప్రిల్ ఉక్కలో శాలువా ఎవరికి హాయో నాకు తెలియదు. ఇందాక చెప్పిన బాలల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నిబంధనల పట్టికలో 100 మంది పిల్లలకు వంటవాళ్ళు ఇద్దరు, గృహమాతలు లేదా గృహపితలు నలుగురు. నలుగురంటే ఎక్కువగానే వినిపిస్తుంది. పగలొక వంతు, రాత్రొక వంతు, వారానికో సెలవు, ఒకరికి జ్వరం. మిగిలేది ఎందరో మీరే లెక్క వేయండి, నేను వేస్తే బాగుండదు. జీతం ఒకటో తారీఖున చేతిలో పడటం, వారానికో రోజు ఫోను మోగకుండా ఇంట్లో నిద్రపోగలగడం, ముందు ఈ రెండూ చూడండి. శాలువాలు చలికాలంలో కప్పుదాం.

ఈ పూట వంట కూడా పెద్దమ్మే చేశారు. సన్మానం నాడైనా ఆవిడను పొయ్యి దగ్గర నుంచి లేపాలని మనలో ఒక్కరికీ తోచలేదు, నాకూ తోచలేదు. పనసపొట్టు కూర తాలింపు వాసన వచ్చాక గుర్తొచ్చింది. వడ్డన పదో తరగతి పిల్లలు చేస్తారు. మొదటి విస్తరి ఆవిడకు వేయమన్నాను.

ఆయమ్మ ఇందాకటి నుంచి గడియారం వైపు చూస్తున్నారు. తొమ్మిదికి చిన్నపిల్లలను పడుకోబెట్టాలి. దిగిపోతున్నానమ్మా.