పొట్టి తూటా, పొడుగు ఛాంబర్: మూన్ క్లిప్ ఏం చేస్తుంది, ఏం చేయదు

అందరికీ నమస్కారం. బల్లార్పూర్‌లో తెలుగువాళ్లు ఆదివారం కలుసుకుంటే బతుకమ్మ ఏర్పాట్లో, పిల్లల చదువులో మాట్లాడుకుంటాం. రివాల్వర్ గురించి చెప్పమని కార్యదర్శిగారు అడిగితే ఇక్కడ ఎవరికి పనికొస్తుందిలే అనుకున్నాను. తీరా చూస్తే ముందు వరుసలోనే బొగ్గు గనుల్లో, పేపర్ మిల్లులో సెక్యూరిటీ డ్యూటీ చేసినవాళ్లున్నారు. లైసెన్స్ ఉన్న పెద్దలున్నారు. నాలాగే భద్రావతి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో రిటైరైనవాళ్లూ ఉన్నారు. అక్కడ మా పని ఫిరంగి గుండ్లతో, పిస్తోలు తూటాలతో కాదు. కానీ ఇరవై ఏళ్లు గేజ్ పట్టుకున్న చెయ్యి ఏ తూటా కనబడినా ముందు కొలత చూస్తుంది.

మొన్న మన కుర్రాడొకడు అడిగాడు: "కాకా, మూన్ క్లిప్ అని ఒకటుందట కదా, అది పెడితే రివాల్వర్‌లో పొట్టి తూటాలు కూడా పేలతాయట, నిజమేనా?" తూటాల్ని అడుగున కలిపి పట్టుకునే చిన్న ఉక్కు రేకే మూన్ క్లిప్. కుర్రాడన్నది నిజమే. అయితే సగమే నిజం. ఆ మిగతా సగం గురించే ఈ ప్రసంగం.

రివాల్వర్ తూటాకి అడుగున అంచు ఉంటుంది. దాన్నే రిమ్ అంటారు. ఇత్తడి తొడుగు కన్నా అది వెడల్పు. రివాల్వర్‌లో తిరిగే డ్రమ్ము సిలిండర్, అందులో తూటా కూర్చునే రంధ్రం ఛాంబర్. తూటాను ఛాంబర్‌లో వేస్తే ఆ అంచు సిలిండర్ వెనక ముఖానికి తగిలి ఆగుతుంది. వెనక నుంచి పిన్ను కొడితే తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్ పేలుతుంది. కాల్చాక ఎక్స్‌ట్రాక్టర్ కూడా ఆ అంచునే పట్టుకుని ఖాళీ తొడుగుల్ని బయటికి తోస్తుంది. పిస్తోలు తూటా సంగతి వేరు. మ్యాగజైన్‌లో, అంటే తూటాలు పేర్చే పెట్టెలో, ఒకదాని మీద ఒకటి జారాలి కాబట్టి సాధారణంగా దానికి బయటికి పొడుచుకొచ్చే అంచు పెట్టలేదు, అడుగు దగ్గర చుట్టూ గాడి తీశారు. అది ఛాంబర్‌లో ముందుకు జారి, తొడుగు మూతి ఛాంబర్ లోపలి మెట్టుకు తగిలితేనే ఆగుతుంది. మెట్టు లేకపోయినా, ఉన్న మెట్టు దూరమైనా తూటా లోపలికి జారిపోతుంది, పిన్ను అందదు.

1917 ఏప్రిల్‌లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగినప్పుడు సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. సైన్యం తూటా .45 ఏసీపీ, అంటే ఆటోమేటిక్ కోల్ట్ పిస్టల్ తూటా, అంచు లేనిది. దాన్ని కాల్చే 1911 మోడల్ పిస్తోళ్లు చాలడం లేదు. రివాల్వర్లు తయారుచేసే సత్తా కోల్ట్‌కీ, స్మిత్ అండ్ వెసన్‌కీ ఉంది. స్మిత్ అండ్ వెసన్ వాళ్లు అర్ధచంద్రాకారంలో చిన్న ఉక్కు రేకు చేశారు. మూడు తూటాల అడుగు గాడుల్ని అది పట్టుకుంటుంది. అలాంటివి రెండు వేస్తే ఆరు తూటాలు. ఆ రేకును కోల్ట్ వాళ్లనూ వాడుకోనిమ్మని సైన్యం అడిగింది, వాళ్లు ఒప్పుకున్నారు. అలా రెండు కంపెనీల 1917 మోడల్ రివాల్వర్లు కలిపి సుమారు మూడు లక్షలు తయారయ్యాయి. ఆరింటినీ ఒకేసారి పట్టే పూర్తి చంద్రుడు తర్వాత వచ్చాడు.

హోటల్ కుర్రాడు తీగ స్టాండులో ఆరు టీ గ్లాసులు తెస్తాడు చూడండి, మూన్ క్లిప్ అచ్చం అలాంటిదే. తూటాలు దానికి వేలాడతాయి, అది సిలిండర్ వెనక ఎక్స్‌ట్రాక్టర్ మీద కూర్చుంటుంది. తూటా ఎంత లోపలికి వెళ్లాలో ఇక రేకే తేలుస్తుంది. తొడుగు మూతి ముందు ఎక్కడా ఆనక్కర్లేదు. తొలి కోల్ట్ రివాల్వర్ల ఛాంబర్లకు మెట్టు లేదు, తిన్నగా తొలిచినవే. క్లిప్ లేకుండా వాటిలో తూటా నిలవదు. స్మిత్ అండ్ వెసన్ ఛాంబర్లకు మెట్టు ఉంది కాబట్టి క్లిప్ లేకున్నా పేలేవి, కాకపోతే ఖాళీలను పుల్లతోనో పెన్సిల్‌తోనో ఒక్కొక్కటీ పొడిచి తీసుకోవాలి. ఈ బాధ పడలేక 1920లో పీటర్స్ అనే కంపెనీ అదే తూటాకి మందపాటి అంచు కట్టి .45 ఆటో రిమ్ అని అమ్మింది.

పొట్టి తూటాకి దారి దొరికింది ఇక్కడే. 10 ఎంఎం ఆటో తొడుగు పొడవు 25 మిల్లీమీటర్ల పైచిలుకు. .40 ఎస్ అండ్ డబ్ల్యూ (స్మిత్ అండ్ వెసన్) తూటా తొడుగు దానికన్నా మూడున్నర మిల్లీమీటర్లు పొట్టి. వ్యాసం మాత్రం రెండింటికీ ఒకటే. స్మిత్ అండ్ వెసన్ 610 రివాల్వర్ 10 ఎంఎంకి చేసింది, అయినా క్లిప్ పెడితే అందులో .40 కూడా పేలుతుంది. 2011లో వచ్చిన గవర్నర్ రివాల్వర్‌లో అంచున్న .45 కోల్ట్ మామూలుగా పోతుంది, అంచులేని .45 ఏసీపీకి క్లిప్ కావాలి. .357 మాగ్నమ్‌లో .38 స్పెషల్ వేసేవాళ్లకు క్లిప్‌తో పనే లేదు, దానికి అంచుంది.

పొట్టిదాన్ని వాడితే కొన్ని ఇబ్బందులు తప్పవు. గుండు బ్యారెల్‌ను అందుకునేలోపు ఛాంబర్‌లో కాస్త ఖాళీలో దూకాలి, గురి కొంచెం చెదరొచ్చు. పొట్టి తొడుగు మూతి ఆగే చోట మసి ఉంగరంలా పేరుకుంటుంది. ఆ తర్వాత పొడుగు తూటా వేస్తే ఆ మసి దగ్గర బిగుసుకుంటుంది. వైరు బ్రష్‌తో గట్టిగా రుద్దాలి, వేరే ఉపాయం లేదు. క్లిప్ చేతిలోకి తీసుకుంటే మిల్లీమీటరు మందమైనా ఉండదు. ప్యాంటు జేబులో వేసుకుని బస్సులో కూర్చుంటే వంగిపోతుంది. వంగిందా, సిలిండర్ ఒక చోట రాసుకుంటుంది, ట్రిగ్గర్ బరువెక్కుతుంది, పిన్ను దెబ్బ సరిగా తగలదు. అంతా సవ్యంగా ఉంటే మాత్రం దీని వేగమే వేరు. 1999లో జెర్రీ మిక్యులెక్ అనే ఆయన .45 ఏసీపీ రివాల్వర్‌తో ఆరు కాల్చి, క్లిప్ మార్చి, మళ్లీ ఆరు కాల్చాడు, అన్నీ కలిపి 2.99 సెకన్లలో!

ఇక మిగతా సగానికొద్దాం. పొట్టిది కదా, బలహీనంగా ఉంటుందిలే అని అందరూ అనుకుంటారు. ఒత్తిడి లెక్క చూడండి. పొడుగు .45 కోల్ట్‌కి అమెరికా ప్రమాణం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు. పొట్టి .45 ఏసీపీకి 21,000. పొడుగుది పాత నల్ల తుపాకిమందు కాలం నాటి 1873 తూటా, అందులో చోటెక్కువ, ఒత్తిడి తక్కువ. గవర్నర్‌ను రెంటినీ దృష్టిలో పెట్టుకునే కట్టారు కాబట్టి ఇబ్బంది లేదు. వెబ్లీ అనే పాత బ్రిటిష్ రివాల్వర్ల గతి అలా కాలేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత .455 వెబ్లీలు అమెరికాలో చవగ్గా దొరికితే, సిలిండర్ వెనక భాగం చెక్కి, క్లిప్‌తో .45 ఏసీపీ పేలేలా చేసి అమ్మారు. తూటా చక్కగా పట్టింది, పేలింది కూడా. కానీ అంత ఒత్తిడికి కట్టిన తుపాకీ కాదది. కీళ్లు వదులైనవీ, సిలిండర్లు పగిలినవీ ఉన్నాయి. క్లిప్‌కి తెలిసింది పట్టుకోవడం ఒక్కటే, సిలిండర్ గోడ మందం దానికేం తెలుసు?

మన దగ్గరికొస్తే, లైసెన్స్ ఉన్న చాలామంది ఇళ్లలో ఉండేది కాన్పూర్ .32 రివాల్వర్. దాని తూటా .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, ప్రమాణ ఒత్తిడి 15,000. .32 ఏసీపీ అనే పిస్తోలు తూటా తొడుగు దానికన్నా ఆరు మిల్లీమీటర్లు పొట్టి, ఒత్తిడి 20,500. దానికి అంచు కొద్దిగా బయటికి ఉంటుంది, అందువల్ల చాలాసార్లు క్లిప్ అక్కర్లేకుండానే రివాల్వర్‌లో నిలబడిపోతుంది. నాకు టెన్షన్ ఇక్కడే. డబ్బా మీద రెంటికీ .32 అనే ఉంటుంది. లైసెన్స్ పుస్తకంలోనూ .32 అనే రాస్తారు. దుకాణంలో ఒక్క తూటా బయటికి తీయించి, ఇంట్లో ఉన్నదాని పక్కన నిలబెట్టి చూడండి. పొట్టిగా ఉంటే అక్కడే తిరిగిచ్చేయండి.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఆయుధాల నిబంధనల్లో నిషిద్ధ బోరు (గొట్టం లోపలి కొలత) జాబితా తుపాకీ మీద ఏం చెక్కారో చూసి ఊరుకోదు. సర్వీసు (సైన్యం వాడే) 9 ఎంఎం తూటాగానీ, .45 అంచులేని తూటాగానీ ఛాంబర్‌లో పట్టి పేల్చగలిగితే చాలు, పిస్తోలైనా రివాల్వరైనా, బోరు ఏదైనా నిషిద్ధమే. అంటే ఎవడో మెకానిక్ సిలిండర్ వెనక గీకి, క్లిప్ కూర్చోబెట్టి "9 ఎంఎం కూడా పోతుంది అన్నా" అన్నాడంటే, మీ లైసెన్స్ తుపాకీ ఆ క్షణంలోనే నిషిద్ధ ఆయుధం అవుతుంది. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష కనీసం 7 ఏళ్లు, గరిష్ఠం 14.

వార్ధా నది దాటి రాజురా మీదుగా ఆసిఫాబాద్ పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట. మహారాష్ట్ర వరకే చెల్లే లైసెన్స్ తెలంగాణలో చెల్లదు. పుస్తకంలో దేశమంతటా చెల్లుతుందని రాసుందో లేదో చూసుకుని బయల్దేరండి. రాసి లేకపోతే తుపాకీ ఇంటి బీరువాలో తాళమేసి ఉంచండి. పెళ్లిలో దానితో పనేముంది? ఇప్పుడు ప్రశ్నలు అడగండి, ముందు వరుసలో కాకా ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు.