తిట్టు పాటైన చోటు: పంజాబ్ రవిదాసియాల పాటలు, పండుగ

[తెర నల్లగా ఉంటుంది. నాలుగు సెకన్లు తుంబీ ఒక్కటే మోగుతుంది. తర్వాత ఢోల్ అందుకుంటుంది.]

వాయిస్: ఒంటి తీగ తుంబీ, దాని వెనకే ఢోల్. ఈ మోత మన బరాత్‌ల దాకా వచ్చేసింది. మాటలు అర్థం కాకపోయినా వరస తెలిసిపోతుంది. ట్రాక్టరు, జీపు, తుపాకీ, మెలేసిన మీసం, "మేం జట్ల బిడ్డలం" అనే పిలుపు. జట్లంటే పంజాబ్‌లో భూమి చేతిలో ఉన్న కులం.

ఇప్పుడు ఇది వినండి. అదే తుంబీ, అదే ఢోల్, అదే వరస. ఒక్క మాట మాత్రం మారింది. జట్ అని ఉండాల్సిన చోట చమార్ అని ఉంది. చమార్లంటే తోలు పని చేసిన కులం. ఆ కులంలో పుట్టిన భక్తకవి రవిదాస్‌ను గురువుగా కొలిచేవాళ్లే రవిదాసియాలు.

[తెర మీద: పంజాబ్ పటం. బియాస్, సత్లజ్ నదుల మధ్య ప్రాంతం వెలుగుతుంది: జలంధర్, హోషియార్‌పూర్, కపూర్తలా, నవాంషహర్.]

ఇది దోఆబా, అంటే రెండు నదుల నడిమి నేల. ఈ పాటలకు పుట్టిల్లు ఇదే. 2011 జనాభా లెక్కల్లో పంజాబ్ జనంలో షెడ్యూల్డ్ కులాల వాటా 31.94 శాతం. ఏ రాష్ట్రంలోనూ ఇంత వాటా లేదు. భూమి దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. 1900లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన భూ బదలాయింపు చట్టం 'వ్యవసాయ కులాల' జాబితా ఒకటి తయారు చేసింది. అందులో పేరు లేనివాళ్లు ఆ కులాల నుంచి పొలం కొనడానికి వీల్లేదు. చమార్లు ఆ జాబితాలో లేరు. అందుకే జట్ పాటలో పొలం గట్టు మీద నిలబడే హీరో, ఈ పాటలో తోలు మండీ నుంచో కాలేజీ నుంచో విదేశీ విమానంలోంచో దిగుతాడు. దోఆబాలో బూటా మండీ లాంటి చోట్ల తోలు వ్యాపారంతో నిలదొక్కుకున్న కుటుంబాలున్నాయి. ఇంగ్లండ్, కెనడా, ఇటలీ వెళ్లి స్థిరపడినవాళ్లున్నారు. చాలా పాటలకు డబ్బు వాళ్ల దగ్గర్నుంచే వస్తుంది.

ఇక మాట సంగతి. పదిమందిలో అవమానించే ఉద్దేశంతో షెడ్యూల్డ్ కులాలవాళ్లను చమార్ అని పిలిస్తే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని సుప్రీంకోర్టు 2008లో తేల్చి చెప్పింది. కోర్టు తిట్టు అన్న మాటే ఇక్కడ పల్లవి. జలంధర్ అమ్మాయి గిన్నీ మాహీ 2016లో 'డేంజర్ చమార్' పాటతో దేశమంతా తెలిసింది. అప్పటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు కూడా సరిగ్గా లేవు. గొంతు ఎత్తి, నవ్వుతూ, ఆ మాటను సాగదీసి పాడుతుంది.

పాత తిట్టును కొత్త తరం తెచ్చి మెడలో వేసుకుందని చాలామంది రాస్తారు. అది సగమే నిజం.

[తెర మీద గురుముఖి లిపిలో ఒక వాక్యం. కింద తెలుగు.]

"కహి రవిదాస్ ఖలాస్ చమారా, జో హమ్ సహరీ సు మీతు హమారా."

బంధాలు తెగిన చమార్ రవిదాస్ అంటున్నాడు: మా ఊరివాడైతే చాలు, వాడే నా నేస్తం. ఇది గురు గ్రంథ్ సాహిబ్‌లో గౌడీ రాగం కింద ఉన్న పదంలో చివరి పాదం. మన కీర్తనల్లో చివర త్యాగరాజ ముద్ర పడుతుంది కదా, అలాంటి ముద్రే ఇది. కాకపోతే తన పేరు పక్కన కులం పేరును కూడా ముద్రగా వేసుకున్నాడాయన. ఆ ఊరి పేరు బేగంపురా. బే-గమ్, అంటే దిగులు లేని ఊరు. అక్కడ పన్ను కట్టే బెంగ కూడా లేదంటుంది పదం. కాబట్టి గిన్నీ మాహీ ఆ మాటను కొత్తగా కనిపెట్టలేదు. గుడిలో రోజూ వినబడే మాటను స్టేజీ మీదికి తెచ్చింది.

ఈ వీడియోలకు తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టేవాళ్లకు ఒక మాట. 'చమార్' ఉన్న చోట మర్యాద కోసమని 'దళితుడు' అని మార్చకండి. మారిస్తే పాటలో ఉన్న కాక అంతా పోతుంది. మనకిది కొత్త కాదు కూడా. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక ఎంతోమంది తమ పేరు చివర మాదిగ అని చేర్చుకున్నారు. వాళ్ల పేర్లను 'దళిత్' అని తిరగరాస్తే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

[తెర మీద: పాత జనాభా లెక్కల పుస్తకం.]

వెనక్కి వెళ్తే 1926. అమెరికాలో, బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీతో పనిచేసి తిరిగొచ్చిన మంగూరామ్, హోషియార్‌పూర్ జిల్లా ముగోవాల్‌లో ఆద్ ధర్మ్ ఉద్యమం మొదలుపెట్టాడు. మేం హిందువులమూ కాదు, సిక్కులమూ కాదు, ముందు నుంచీ ఉన్నవాళ్లం అన్నది వాళ్ల వాదన. 1931 లెక్కల్లో నాలుగు లక్షల పైచిలుకు మంది తమ మతం ఆద్ ధర్మ్ అని రాయించుకున్నారు. ఆద్ ధర్మ్ పుట్టడానికి తొమ్మిదేళ్ల ముందే, 1917లో, బెజవాడ సభలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన 'పంచమ' అన్న పేరు వదిలి 'ఆది ఆంధ్ర' అన్న పేరు పట్టుకున్నారు మనవాళ్లు. రెండు చోట్లా 'ఆది' అన్న మాటే.

పాటల బజారు ఒక్కసారిగా ఉప్పొంగింది 2009 తర్వాత. ఆ ఏడాది మే 24న వియన్నాలోని రవిదాస్ మందిరంలో, జలంధర్ దగ్గరి రవిదాసియా ఆశ్రమం డేరా సచ్‌ఖండ్ బల్లాన్ నుంచి వెళ్లిన సంతుల మీద దాడి జరిగింది. సంత్ రామానంద్ చనిపోయారు. సంత్ నిరంజన్ దాస్ గాయాలతో బయటపడ్డారు. జలంధర్ మండిపోయింది, కర్ఫ్యూ పెట్టారు. ఎనిమిది నెలలకు, 2010 జనవరి 30న, రవిదాస్ పుట్టిన చోటని నమ్మే కాశీలోని సీర్ గోవర్ధన్‌పూర్‌లో రవిదాసియా ధర్మం వేరే మతమని డేరా ప్రకటించింది. గ్రంథం: రవిదాస్ పదాలు 240 ఉన్న అమృతబాణీ. గుర్తు: 'హరి'. పలకరింపు: జై గురుదేవ్. దీన్ని అందరూ ఒప్పుకోలేదు. గురు గ్రంథ్ సాహిబ్‌నే ఉంచుకున్న రవిదాస్ గుడులు ఇప్పటికీ చాలా ఉన్నాయి. ఊరేగింపు పల్లకీలో ఏ గ్రంథం ఉందో చూస్తే ఆ గుడి ఎటువైపో తెలుస్తుంది.

[తెర మీద: పొగమంచు, వీధి దీపం, నడుస్తున్న జనం.]

పండుగకొద్దాం. ఈ పాటలు అసలు బతికేది అక్కడే. రవిదాస్ జయంతి మాఘ పూర్ణిమ నాడు. కొత్త పాటలు ఎక్కువగా దానికి కొన్ని వారాల ముందు, లేదంటే ఏప్రిల్ 14 అంబేడ్కర్ జయంతికి ముందు వస్తాయి. సినిమావాళ్లకు సంక్రాంతి ఎలాగో వీళ్లకు ఈ రెండు తేదీలు అలాగ.

పండుగకు ముందు రోజుల్లో ప్రభాత్ ఫేరీ. తెల్లవారుజామున ఢోల్కీ, చిమ్టా పట్టుకుని పదాలు పాడుతూ గల్లీలు తిరుగుతారు. ఒక్కో రోజు ఒక్కో ఇల్లు చాయ్ పోస్తుంది. గుడి మీద జెండా గుడ్డ మారుస్తారు. ఆ తర్వాత శోభాయాత్ర: పూల పల్లకీ ఉన్న బండి, కీర్తన బృందం, బ్యాండు, శకటాలు, చివర్లో డీజే కట్టిన ట్రాక్టర్ ట్రాలీలు. దారి పొడవునా లంగర్లలో, అంటే ఉచితంగా తిండి పెట్టే పందిళ్లలో, పూరీ, శనగలు, పకోడీ, చాయ్. తినకుండా దాటడం కష్టం.

ఇక్కడ తప్పేది ఎక్కువగా శబ్దం దగ్గరే. రెండు ట్రాలీలు వెంటవెంటనే నిలబెడితే రెండింటి బేస్ కలిసిపోయి మాట మునిగిపోతుంది. మాట వినబడకపోతే ఈ పాటకూ పెళ్లి పాటకూ తేడా లేదు. కీర్తన బండిని ముందుంచి స్పీకర్లను ముందుకు తిప్పాలి. డీజే ట్రాలీని కనీసం వంద మీటర్లు వెనక నడపాలి. పల్లకీ ఆగిన చోట డీజే ఆపేయాలి.

[తెర మీద: ఢోల్ దగ్గరగా. రెండు ముఖాలు, రెండు పుల్లలు.]

ఢోల్‌కు రెండు ముఖాలు. మందపాటి తోలు ఉన్న ముఖాన్ని కొస వంగిన లావు కర్రతో కొడతారు. దాన్ని డగ్గా అంటారు. రెండో ముఖానికి తీలీ అనే సన్నటి పుల్ల. 'చాల్' అనే నడకలో ఎనిమిది దెబ్బలు: ధా నా నా నా, నా ధా ధా నా. మాఘం చలికి, పొగమంచుకు తోలు తేమ పట్టి వదులవుతుంది. డగ్గా గుమ్మనకుండా చప్పబడుతుంది. మన డప్పును మంట దగ్గర కాచినట్టే దీన్ని ఎండలోనో నిప్పు సెగకో ఆరబెట్టి తాళ్లు బిగిస్తారు. ఈ బాధ పడలేక తీలీ వైపు ప్లాస్టిక్ వేసేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. ఢోల్ వాయించేవాళ్లలో చాలామంది బాజీగర్లు. వాళ్లూ షెడ్యూల్డ్ కులమే. జట్ పాట అయినా, చమార్ పాట అయినా, కొట్టే చేయి చాలాసార్లు వాళ్లదే.

మెచ్చుకోలేని సంగతి ఒకటుంది. జట్ పాట వరస అరువు తెచ్చుకున్నప్పుడు దాని తుపాకీ కూడా వెంట వచ్చింది. పొలంలో కూలి చేసే దళిత మహిళ ఈ వీడియోల్లో ఎక్కడా లేదు. ఆమె కోసం వెతికితే సంత్ రామ్ ఉదాసీ దగ్గరికి వెళ్లాలి. మజ్హబీ అనే దళిత సిక్కు కులపు కవి, 1986లో పోయాడు. 'కమ్మీల వాకిట్లో మండుతూనే ఉండు సూర్యుడా' అని పాడినవాడు. కమ్మీలంటే ఊరి పనివాళ్లు. 2006లో దాడికి గురై రెండు చేతులూ ఒక కాలూ పోగొట్టుకున్న మాన్సా జిల్లా కూలీ నాయకుడు బంత్ సింగ్ ఆ తర్వాత కూడా పాడింది ఉదాసీ పాటలే.

పంజాబ్‌లో మరో రెండు షెడ్యూల్డ్ కులాలైన వాల్మీకులు, మజ్హబీ సిక్కుల గొంతు ఈ బజారులో తక్కువే. రిజర్వేషన్లలోనూ అదే గొడవ. 1975లో పంజాబ్ షెడ్యూల్డ్ కులాల కోటాలో సగం ఈ రెండు కులాలకు మొదటి ప్రాధాన్యంగా ఇచ్చింది. ఆ ప్రాధాన్యం మీద నడిచిన కేసులోనే 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు, 2004లో మన రాష్ట్ర వర్గీకరణను కొట్టేసిన తీర్పును పక్కన పెట్టింది. ఈదుమూడి దండోరా అడిగిన దానికి దారి దొరికింది పంజాబ్ కేసులో.

[తెర మీద: జలంధర్ స్టేషన్. పూలదండలు కట్టిన రైలు ఇంజన్.]

జయంతికి ముందు జలంధర్ నుంచి కాశీకి ప్రత్యేక రైలు కదులుతుంది. పేరు బేగంపురా ఎక్స్‌ప్రెస్. ప్లాట్‌ఫాం మీద ఢోల్, లోపల భజన, దిగేది సీర్ గోవర్ధన్‌పూర్‌కు. 2022లో జయంతి ఫిబ్రవరి 16న పడింది. పంజాబ్ పోలింగ్ 14న. ఓటర్లు లక్షల్లో కాశీలో ఉంటారని పార్టీలన్నీ మొరపెట్టుకుంటే ఎన్నికల సంఘం పోలింగ్‌ను 20కి జరిపింది.

[రైలు కదులుతుంది. ఢోల్ చప్పుడు దూరమవుతుంది.]